మిగిలిన గోలీలు

జనవరి 6
అన్నను ఈ ఏడు మళ్లీ చెరకు కొట్టే ముఠాలోకి తీసుకున్నారు. మేస్త్రి షరతు ఒక్కటే — "గోలీలు బందు జేస్తె కత్తి చేతికియ్య, చెల్లె." పోయిన ఏడు మందు గోలీలు మానేసి, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని కత్తితోనే చేనులోంచి పరుగెత్తాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ఊరికి మాత్రం కత్తే గుర్తుంది.

జనవరి 17
అన్నతో బోధన్ నుంచి మొదటి బస్సు. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టరు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం. "నిద్ర పడుతుందా? మాటలు వినిపిస్తున్నాయా?" అంతే, తర్వాతి మనిషి. ఆయన చెడ్డవాడు కాదు, వరండా నిండా జనం. మందుల కిటికీలో — "గీ గోలి స్టాక్ లేదమ్మా. బయట కొనుక్కో." కొనగలిగితే ఇంతదూరం ఎందుకొస్తాను?

జనవరి 19
నేను వంట చేసే ఇంటావిడ, అక్క అని పిలుస్తాను, ఆమె కొడుక్కీ ఇదే జబ్బు. వాళ్లింట్లో దాని పేరు టెన్షన్. హైదరాబాద్ డాక్టరు ఫోన్లో గంటసేపు మాట్లాడతాడు, నవ్విస్తాడు కూడా. నాకు కుళ్లు. ఈ పుస్తకంలో కూడా దాచుకోవడం దేనికి?
స్టాక్ లేదని చెప్పాను. పాత చీర ఇచ్చినట్టే, నిన్నటి కూర గిన్నె మీద ఒక కవరు పెట్టింది. "మావోనికి మందు మార్చిండ్రు. ఇవి మిగిలినయి, తీస్కపో. మావోని సంగతి ఎవ్వలకు చెప్పకు." గోలీల పేరు చూశాను. అదే పేరు.
అన్న నవ్వాడు — "గాళ్ల పాత అంగీలే అనుకున్న. పాత గోలీలు గూడ నాకేనా?"

జనవరి 21
అన్న లేవడం లేదు. దవడ బిగుసుకుపోయింది. కత్తి గోడకే ఉంది.

జనవరి 22
అన్నను పెద్దాసుపత్రికి తెచ్చాను. పేరు ఒకటే, పవర్ డబుల్. నేను పేరే చూశాను... డాక్టరు — "ఎవరిచ్చారమ్మా ఇవి?" చెబితే నా పని పోతుంది, ఆ పిల్లవాడి గుట్టూ పోతుంది. నోరు విప్పలేదు. తిట్టాడు, పడ్డాను. సూది వేశారు. ఈసారి గోలీలు ఉన్నాయి — సగం నెలకే.

జనవరి 26
చర్చిలో అన్న కోసం ప్రార్థన చేయించింది మా అవ్వ. జ్వరమని చెప్పింది. వాళ్లింట్లో టెన్షన్, మనింట్లో జ్వరం. మనమూ అంతే.

ఫిబ్రవరి 1
మేస్త్రి వచ్చాడు. అన్న ఎదురుగా ఉండగానే నన్ను అడుగుతాడు — "గోలి ఏసుకున్నడా?" అన్న అన్నాడు — "నన్నే అడుగరాదె? నోరుంది గద." మేస్త్రి తల దించుకున్నాడు. గోడకున్న కత్తి తీసి అన్న చేతికిచ్చాడు.

ఫిబ్రవరి 6
గోలీలు నిన్నటితో అయిపోయాయి. పని మానుకొని నిజామాబాద్ పోయాను. "ఇంక రాలేదమ్మా."

ఫిబ్రవరి 7
అక్కతో జరిగింది చెప్పాను. "అయ్యో, సగం ఏయాల్సింది గద" అంది, ఉప్పు ఎక్కువైనంత తేలిగ్గా. మళ్లీ కూర గిన్నె, మళ్లీ కవరు. కోపం వచ్చింది. తీసుకున్నాను.
సగమంటే సరిగ్గా సగమేనా — డాక్టరును అడగాలంటే ఎక్కడివో చెప్పాలి.
వాకిట్లో అన్న కత్తికి సాన పడుతున్నాడు. రేపు మేస్త్రి మళ్లీ అడుగుతాడు. ఈసారి అన్ననే అడుగుతాడు. అన్న అబద్ధం చెప్పడు.
కూర వేడి చేశాను. కవరు ఇంకా విప్పలేదు.