బ్రిడ్జి కింద చిగురు

ఏమండీ, డ్యూటీకి టైమైపోయింది, మిమ్మల్ని లేపలేదు. లేవగానే గోరువెచ్చటి ఉప్పునీళ్లతో పుక్కిలించండి. పళ్ల డాక్టరమ్మ ఇచ్చిన సన్న బ్రష్షు అద్దం దగ్గర పెట్టాను. దాంతో కట్టుడు పళ్ల బ్రిడ్జి కింద ఇరుక్కున్నదంతా తీసేయండి. రక్తం వస్తోందని మానేయకండి, మానేస్తేనే వాపు పెరుగుతుందట. "కట్టుడు పళ్లకు జబ్బేంటి?" అని మీరు వాదిస్తే, "పళ్లు కట్టుడువే, చిగుళ్లు మీవే కదండీ" అందిగా ఆవిడ. ఈసారీ తగ్గకపోతే బ్రిడ్జి మొత్తం తీసేయాలట. రోజంతా వార్డులో రోగులను బతిమాలి వస్తాను. ఇంట్లో కూడా బతిమాలే ఓపిక నాకు లేదు.

ఇంకోమాట. నిన్న అమ్మాయి జోకు చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. వాసన వస్తుందనేగా? నేను మీ పక్కనే కూర్చున్నాను. కొంచెం కూడా దూరం జరగలేదు, చూడలేదా?