చుక్క కింద ఇల్లు

చిన్నీ,

ఈ ఉత్తరం ఎముకల వార్డు నర్సుగారి చేతికిచ్చి పంపుతున్నాను. నీ ఫోన్ మీ ఆయన జేబులో ఉంది కనుక కాగితమే నయం. చదివాక చింపెయ్యి.

నీ మణికట్టు ఎక్స్‌రే చూశాను. రెండు ఎముకలూ విరిగాయి. జారిపడ్డానన్నావు. జారిపడితే ఎముక అలా నలగదనీ, తలుపు సందులో చెయ్యి పెట్టి తలుపు మూస్తేనే నలుగుతుందనీ డాక్టరు చెప్పారు. వరండాలో మీ ఆయన ఫోన్ తెరిచి నా ముందు పెట్టాడు. "చూడండి వదినగారూ, మిట్టమధ్యాహ్నం మీ చెల్లెలు రేవు ఊళ్ళో ఉంది. నేనన్న మాట కాదు, మీ కంపెనీ యాప్ అన్న మాట."

నువ్వు ఆఫీసు పనికి లాగిన్ అయినప్పుడల్లా "ఇది మీరేనా?" అని అడిగేది నేను పనిచేసే యాప్. దాని సందేశాలు వచ్చే ఫోన్‌గా అతను తన ఫోన్ నమోదు చేసుకున్నాడు. ఆ వేళ నువ్వు ఇంట్లోనే ఉన్నావు. నిజానికి నువ్వెక్కడున్నావో ఆ యాప్‌కు తెలియదు. ఇంటర్నెట్ కంపెనీ నీకిచ్చిన నంబరును మా పట్టికలో వెతికి, దాని ఎదుట ఏ ఊరుంటే ఆ ఊరి పేరు చూపిస్తుంది, పటం మీద ఒక ఎర్ర చుక్క పెడుతుంది. ఆ నంబర్లను ఇంటర్నెట్ కంపెనీ రేవు ఊరినుంచి వేరే ఊళ్ళకు ఎప్పుడో మార్చేసింది. మా పట్టిక మాత్రం మారలేదు.

ఇక నేను దాచిన మాట. ఏడు నెలల క్రితం పద్నాలుగు మంది ఇదే ఫిర్యాదు రాశారు. అన్నీ చదివాను. "ఊరి పేరు సుమారుగా మాత్రమే చూపబడును" అని జవాబిచ్చి మూసేశాను. ఆ వాక్యంలో ఒక్క అక్షరదోషం లేదు. నీ చెయ్యి విరగడానికి అది చాలింది. శుక్రవారానికి పట్టిక సరిచేస్తాను. కంపెనీ ముద్ర వేయించిన రుజువు తెచ్చి మీ ఆయన చేతిలో పెడతాను.

నీ అక్క

*

అక్కా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, కోడి గీకినట్టుంది, నవ్వకు.

ఆసుపత్రినుంచి ఇంటికి వెళ్ళలేదు. వేరే ఊరొచ్చేశాను. ఆఫీసు మేడమ్ ఒక్కరికే తెలుసు. నువ్వు పట్టిక సరిచెయ్యకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

రుజువు చూపిస్తానన్నావు. నేను చూపించానక్కా. ఒకరోజు అతని ముందే కూర్చుని లాగిన్ అయ్యాను. అతని ఫోన్‌లో రేవు ఊరనే వచ్చింది. "చూడండి, ఇక్కడే ఉన్నా కదా" అన్నాను. రెండు క్షణాలు ఆలోచించాడు. "ఓహో, నాకే పాఠాలు చెబుతున్నావా?" అని అదే ఫోన్‌తో నోటి మీద కొట్టాడు. ఊడిన దవడ పన్ను అన్నంలో కలిపి మింగేశాను. ఊరి పేరు తప్పయినందుకు కొట్టలేదక్కా. కొట్టడానికి అతనికో పేరు కావాలి. అది మీరిచ్చారు.

ఇక్కడా అదే ఇంటర్నెట్ కంపెనీ. లాగిన్ అయితే ఇప్పటికీ రేవు ఊరే చూపిస్తోంది. అతను "కాదు" నొక్కితే నా ఉద్యోగం పోతుంది, కానీ అతనికి నా జాడ కూడా పోతుంది. అందుకని బుద్ధిగా "అవును" నొక్కుతున్నాడు. ఇనుప కడ్డీ పట్టుకుని రేవు ఊళ్ళో తిరుగుతున్నాడట. ఆ చుక్క ఉన్నచోట ఎవరో దర్జీ ఇంటి తలుపు పగలగొట్టాడని మేడమ్ విన్నారు. తిరగనీ. శుక్రవారం నువ్వు సరిచేస్తే నిజం ఊరు అతని చేతిలో పడుతుంది. తప్పునలాగే ఉండనీ అక్కా. నా బతుకులో నాకు పనికొచ్చిన తప్పు అదొక్కటే.

నీ చిన్ని

*

చిన్నీ,

నీ కవరు మీద తపాలా ముద్ర చూడకుండా చించేశాను. ఎందుకో చివర చెబుతాను. దీన్ని మీ మేడమ్ ద్వారా పంపుతున్నాను.

గురువారం రేవు ఊరు వెళ్ళాను. ఊరి పేరు తప్ప ఇంకేమీ తెలియనప్పుడు మా పటం ఊరి నట్టనడుమ చుక్క పెడుతుంది. నట్టనడుమ ఆ దర్జీ ఇల్లుంది. ఆయనకు అరవై దాటాయి. తల మీద పదకొండు కుట్లు, ఎడమ చెవి సగం లేదు. "ఎక్కడ దాచావురా అని కొట్టాడమ్మా. ఎవర్నని అడిగితే ఇంకా కొట్టాడు. నా భార్య పోయి తొమ్మిదేళ్ళయింది, దాచడానికి నా దగ్గరెవరున్నారు?" అన్నాడు. ఆయన కుట్టు యంత్రం వాకిట్లో రెండు ముక్కలై పడి ఉంది.

నువ్వు అడిగినట్టు తప్పును ఉంచలేకపోయాను. ఉంచితే ఆ కడ్డీ రేపు ఆ ముసలాయన మీద మళ్ళీ పడుతుంది. సరిచేస్తే నీ మీద పడుతుంది. శుక్రవారం మా పైఅధికారి ముందు నిలబడి, మూసేసిన పద్నాలుగు ఫిర్యాదులూ తెరిచి చదివాను. పట్టికను ముట్టుకోలేదు. ఊరి పేరు చూపించే వరుసనే తీసేశాం, చుక్కతో సహా. మీ ఆఫీసు రాతపూర్వకంగా కోరడంతో అతని ఫోన్‌ను నీ ఖాతానుంచి తొలగించి నీ కొత్త ఫోన్ చేర్చాం. తొలగించామని పాత ఫోన్‌కు వెళ్ళే ఆఖరి సందేశంలో కొత్త ఫోన్ ఉన్న ఊరు రాసి ఉంటుంది. అందులో ఊరి పేరు పడకముందే, ఆ సందేశం నమూనా నాలుగుసార్లు చదివి ఆ వరుసా కొట్టేశాను.

శనివారం పొద్దున అతను మా ఆఫీసు మెట్ల దగ్గర కాశాడు. ఫోన్ నా మొహానికి ఆనించి, "ఊరి పేరేదీ? సరిచెయ్యి!" అని అరిచాడు. "సరిచేశాను మరిదిగారూ" అన్నాను. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది పక్కటెముకల మీద. పడ్డాక బూటుకాలితో మెడ తొక్కి "ఎక్కడుంది?" అన్నాడు. తెలియదన్నాను. నా నోట అబద్ధాలు నిలవవని నీకు తెలుసు. అందుకే తపాలా ముద్ర చూడలేదు. కాపలావాళ్ళు లాగేలోగా ఏడుసార్లు అడిగాడు, ఏడుసార్లూ నిజమే చెప్పాను.

మూడు పక్కటెముకలు విరిగాయి. దగ్గితే చుక్కలు కనిపిస్తున్నాయి, నవ్వించకు. దర్జీగారూ నేనూ ఫిర్యాదు రాసిచ్చాం. అతను ఇప్పుడు జైల్లో ఉన్నాడు, బెయిలు రాలేదు.

కనుక ఇప్పుడు నేను అడగవచ్చు. ఎక్కడున్నావమ్మా? ఊరు, వీధి, ఇంటి నంబరు అన్నీ రాయి. లేవగలిగిన రోజున బయలుదేరతాను.

నీ అక్క