మొదటి గుక్క

హోల్‌బ్రిడ్జ్, మే నెల

ప్రియమైన హెస్టర్,

నువ్వు లీడ్స్‌లో పాఠాలు చెప్పుకుంటున్నా మన ఆదివారం ఆగలేదు. మాటిచ్చినట్టే మూడు కొంగల పబ్బుకు వెళ్ళి నీ వంతు కూడా తిన్నాను. గొర్రెమాంసం రోస్టు, పుదీనా సాసు, వాళ్ళ చలికాలపు నల్ల బీరు. మాడిన బెల్లంలా ఉంది, ఎప్పటిలాగే. అన్నీ బాగున్నాయి.

నీ ఆల్విన్

*

లీడ్స్

ఆల్విన్,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. కోపం కాదు, అనుమానం.

చలికాలపు బీరు మార్చి దాటితే వాళ్ళు చెయ్యరు. మే నెలలో నీకెవరు పోశారు? ఇంకొకటి. మన పెళ్ళి కేకుకే వంక పెట్టినవాడివి. ఈస్టరు నుంచి నీ ఉత్తరాల్లో ఒక్క సణుగుడు లేదు. అసలు పబ్బుకే వెళుతున్నావా, లేక ఇంకెక్కడో కూర్చుని పాత ఆదివారాలు తలుచుకుని రాస్తున్నావా?

హెస్టర్

*

హోల్‌బ్రిడ్జ్

ప్రియమైన హెస్టర్,

రంగు చూసి నల్ల బీరని రాసేశాను, అంతే. పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ నీకు అన్నిట్లోనూ తప్పులే కనిపిస్తున్నాయి. మన చెర్రీ చెట్టు విరగకాసింది. పిట్టలు మిగిల్చేలా లేవు.

నీ ఆల్విన్

*

లీడ్స్, జూన్ నెల

ఆల్విన్,

రంగు చూసి బీరు పేరు చెప్పే మనిషివా నువ్వు? ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

ఈలోగా పక్కింటి ఇయోనా ఫోన్ చేసింది. ఆదివారం మూడు కొంగలకు వెళ్ళిందట. నువ్వు కిటికీ పక్క మన బల్ల దగ్గరే ఉన్నావట. ఆ పబ్బు కొత్తగా తీసుకున్న గ్వెండా వచ్చి, నీ గ్లాసెత్తి మొదటి గుక్క తను తాగి, నీ చెవిలో ఏదో చెప్పి, అప్పుడు గ్లాసు నీకిచ్చిందట. నీ పళ్ళెంలోంచి ముక్క కూడా తీసుకుందట. చూసీచూడనట్టు వచ్చేశానంది ఇయోనా, చూసిందంతా చెప్పాక.

అనుమానం నా జబ్బేనని నాకు తెలుసు. అందుకే ఆమె చెప్పిన ప్రతిదానికీ ఏదో ఒక సమాధానం చెప్పుకున్నాను. ఆ గుక్కకు మాత్రం దొరకలేదు. ఇన్నేళ్ళలో నీ గ్లాసు నాకే ఇవ్వలేదు. ఆమె నీకేమవుతుంది? అబద్ధమైతే రాయకు.

హెస్టర్

*

హోల్‌బ్రిడ్జ్

ప్రియమైన హెస్టర్,

ఈస్టరు తర్వాత జ్వరం వచ్చి తగ్గిందని రాశాను. అది నా ముక్కునూ నాలుకనూ పట్టుకుపోయిందని రాయలేదు. తిరిగి రాకపోవచ్చంటున్నాడు డాక్టరు.

ఒకరోజు పబ్బులో పీపా బీరు పులిసిపోయింది. అందరూ గ్లాసులు వెనక్కి పంపారు. నేను మాత్రం మొత్తం తాగి, బాగుందన్నాను. గ్వెండా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, నువ్వు మంచివాడివైనా అయ్యుండాలి, నాలుక చచ్చినవాడివైనా అయ్యుండాలి. మంచివాడివని ఊళ్ళో ఒక్కరూ అనగా వినలేదు" అంది.

అప్పటినుంచి ఆమె రుచి చూసి చెబుతుంది, నేను నీకు రాస్తాను. ఆ నల్ల బీరు రోజు ఆమె ఊళ్ళో లేదు, పాత రుచి తలుచుకుని రాశాను.

మనం దగ్గరయ్యిందే పీపా అడుగు బీరు బాగుందా లేదా అని వాదించుకుని. రుచి తెలియనివాడితో నీకింక మాటలేం మిగులుతాయని భయపడ్డాను.

నీ ఆల్విన్

*

లీడ్స్

ప్రియమైన ఆల్విన్,

ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. నాలుక అరువు తెచ్చుకోవాల్సి వస్తే నాది గుర్తురాలేదా నీకు?

నీ ఉత్తరాల్లో సణుగుడు ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది. తన రోస్టు ఎండిపోయిందని ఏ పబ్బు యజమానురాలు చెబుతుంది?

సెలవులదాకా ఆగను, శనివారం రైలుకు వస్తున్నాను. ఆదివారం గ్వెండాను వంటింట్లోనే ఉండమను. మొదటి గుక్క నాది. బాగాలేకపోతే బాగాలేదనే చెబుతాను. రుచి తెలియకపోయినా సరే, నువ్వు కాదని వాదించాలి.

ఆ మాట చెవిలోనే ఎందుకు చెప్పాలో, అది కూడా వచ్చాకే అడుగుతాను.

అనుమానం పూర్తిగా తీరని
నీ హెస్టర్