టైల్స్ వేసిన పందెం బాట

కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర చినకొట్టాల కాపురస్తుడు, కీర్తిశేషులు రంగన్న కుమారుడు పెద్ద ఈరన్న, వయసు డెబ్బై రెండు, వృత్తి సేద్యం, చెప్పి రాయించిన వీలునామా. ఈరోజు నా బుద్ధి నిలకడగానే ఉంది. మూడేళ్ల కిందట లేదు. ఆ సంగతి కింద వస్తుంది. సోమవారం కర్నూలులో నాకు గుండె ఆపరేషన్. ఎవరి బలవంతమూ లేకుండా, ఆసుపత్రి వాళ్లు వద్దన్న కాఫీ తాగి మరీ ఇది రాయిస్తున్నాను.

1. ఊరికి పడమర ఉన్న ఆరెకరాల పందెం బాట నా స్వార్జితం. నలభై ఏళ్లు ఉగాదికి అక్కడ ఎద్దుల పరుగు పందేలు జరిగాయి. బళ్లారి నుంచి కూడా జోడెద్దులను లారీల్లో తెచ్చేవారు. అంత పేరు వచ్చాక మనిషి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. పర్యాటకులు వస్తారని బ్యాంకు అప్పు తెచ్చి అద్దాల గ్యాలరీ, రంగులరాట్నం, పడవల కొలను, ముప్పై అడుగుల ఫైబర్ ఎద్దు పెట్టించాను. ఫోటోలు దిగేవాళ్ల బూట్లకు దుమ్ము అంటకూడదని బాట చివరి యాభై గజాలకు రంగు టైల్స్ వేయించాను.

ప్రారంభం రోజు మొదటి జత నాదే. ఎద్దులు ఉరికి వచ్చి, టైల్స్ ముందర టక్కున ఆగిపోయాయి. దండ పట్టుకుని ముఖ్య అతిథి అవతల, ఎద్దులు ఇవతల. ఒకటి పేడ వేసింది. అంతకు మించి ఏ పనీ చేయలేదు. మరుసటి ఉగాదికి ఎవరూ ఎద్దులను తేలేదు. ఎద్దులు లేని పందెం చూడటానికి పర్యాటకులూ రాలేదు.

2. నాకున్న ఇంకో చేను అమ్మి అప్పులో ముప్పాతిక తీర్చాను. గ్యాలరీ అద్దాలు, రాట్నం అమ్మి మిగతాది తీర్చాలి. వచ్చే ఉగాది లోపు తీరకపోతే బాట వేలానికి పోతుంది. నా చేతకాకపోతే ఈ పని చేయడానికి టమోటా మండీ ఇమాం బాషాను కార్యనిర్వాహకుడిగా నియమిస్తున్నాను. ముప్పై ఏళ్ల స్నేహంలో నా టమోటాలను రెండోసారి తూకం వేయకుండా ఒక్కసారీ తీసుకోలేదు. ఆ అద్దాలు కొనబోయే మనిషిని తలచుకుంటే నాకు జాలి.

3. నా భార్య వెంకటలక్ష్మమ్మకు ఇల్లు, పాడి ఆవు, టికెట్ల గది. ఆ గదిలో కూర్చుని నా దగ్గర కూడా టికెట్ డబ్బులు వసూలు చేసింది. ఎద్దులు ఆగిన రోజు ఊరంతా నవ్వుతుంటే వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె మీద నాకున్న ప్రేమ ఇంతవరకు నోటితో చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాయిస్తున్నాను.

4. కొడుకు అవినాష్‌కు నాలుగెకరాల మెట్ట, ట్రాక్టరు, ఫైబర్ ఎద్దు. అప్పు కాగితాల మీద నేను చూపిన చోటల్లా సంతకం పెట్టాడు. ఆరోజు తండ్రి మాట జవదాటి ఉంటే బాగుండేది. ఒక కొమ్ము గాలికి ఊడిన ఆ ఎద్దును వాడు అమ్మకూడదు. రోజూ దాని ముఖం చూసి, కాదు అనడం నేర్చుకోవాలి.

5. ప్రతి ఉగాదికీ నాతో పోటీపడిన ఓబులేసు, కొలను తవ్వుతున్నప్పుడు పదిమందిలో "ఏమప్పా ఈరన్నా, తాగేకే నీళ్లు లేవు, పడవలు యాడ తిప్పుతావు?" అన్నాడు. అందుకు శిక్షగా రెండు హంస పడవలూ అతనికే రాయించబోయాను. సాక్షి సంతకం చేసినవాడికి ఆస్తి చెల్లదని ఎక్కడో విని, పరుగున వచ్చి సాక్షిగా కూర్చున్నాడు. కాబట్టి పడవలు ఎద్దులకు కుడితి తొట్లుగా బాట దగ్గరే ఉంటాయి.

6. పందెం బాట పూర్తిగా నా కూతురు శివానికి. పదేళ్ల వయసు నుంచి ఆ నేలను గుంటక తోలి, నీళ్లు చల్లి మెత్తగా చేసింది ఆమే. టైల్స్ దించే రోజు అడ్డం నిలబడి, "ఎద్దు కాలు మన్నును నమ్ముతాది నాయనా, ఈ నున్నటి రాయిని నమ్మదు" అంది. ఆడపిల్లవు, నీకేం తెలుసు అన్నాను. పనివాళ్లందరి ముందర అన్నాను. ఆమె వేంపల్లెలో విత్తనాల అంగడి పెట్టుకుంది; మళ్లీ బాట తొక్కలేదు. బాటను వేలం నుంచి కాపాడవచ్చు. ఆమె రాకపోతే కాపాడీ లాభం లేదు.

7. పై షరతులు నా తదనంతరం అమలవుతాయి. ఇది మాత్రం ఈరోజే అమలు: శివానీ, నువ్వు చెప్పిందే నిజం. తప్పు నాది.

వీలునామాలో ఇలాంటివి చెల్లవని లేఖరి నాగరాజ్ అంటున్నాడు. పోయాక అడిగే క్షమాపణకు నువ్వేమంటావో నేనెట్లా వింటానని అడిగితే, తల వంచుకుని రాశాడు. ఒక నకలు ఇచ్చి రెండో సాక్షి ఏసేపును ఈరోజే వేంపల్లె బస్సు ఎక్కిస్తున్నాను. సోమవారం లోపు నువ్వు వస్తే ఇద్దరం కలిసి ఒక్క టైలైనా పెకలిద్దాం. ఆపరేషన్ నుంచి నేను తిరిగి వస్తే ఈ కాగితం చించేసి, బాట నీకు నా చేతులతోనే ఇస్తాను తల్లీ.

చినకొట్టాల, 14 నవంబరు 2025.

పెద్ద ఈరన్న (సంతకం)

సాక్షులు: 1. ఓబులేసు 2. ఏసేపు