శుభ్రం చేసిన కాసెట్

అక్కా,

నేను బాగానే ఉన్నాను. కాసెట్ పారేయకని పొద్దున ఫోన్‌లో అరిచి పెట్టేసినందుకు కోప్పడకు. ఎందుకో చెప్పేలోపే బేరం వచ్చింది, అందుకే ఈ కార్డు.

మా షాపులో స్పీకర్లు వినిపించి చూపడానికి మెత్తటి గోడల గది ఒకటుంది. తలుపు మూస్తే నీళ్లలో మునిగినట్టుంటుంది. అందులో నిలువెత్తు స్పీకర్లు రెండు, వాటి ధరకి ఇల్లు కొనుక్కోవచ్చు. నిన్న మధ్యాహ్నం బేరాల్లేక, నువ్వు కాసెట్‌లోంచి ఎక్కించి ఫోన్‌కి పంపిన, చిన్నప్పుడు నాన్న చెప్పిన కథ వాటిలో పెట్టి కళ్లు మూసుకున్నాను. నాన్న నా మంచం మీదే కూర్చున్నట్టుంది. ఆయన గుటక వేయడం కూడా వినిపించింది. రాక్షసుడు తలుపు తట్టే చోట వంటింట్లోంచి అమ్మ, "పిల్లల్ని జడిపించకండి" అని నవ్వుతుంది కదా! ఆ మాటా నవ్వూ వినిపించలేదే. మూడుసార్లు పెట్టి విన్నాను.

మా రిపేరు మాస్టారు కూడా విన్నారు. "కాసెట్‌ని ఫోన్‌లోకి ఎక్కించినవాడు టేపు రొద తీసేశాడు బాబూ. దూరపు గొంతు దాంతోపాటే పోయింది. లేనిదాన్ని ఈ పెట్టెలు ఎక్కణ్ణుంచి తెస్తాయి?" అన్నారు. చిన్న ఫోన్‌లో విన్నన్నాళ్లూ మనకి తెలియనే లేదు.

కాసెట్‌ని నూలుగుడ్డలో చుట్టి పంపు. మన పాత టేప్‌రికార్డర్‌లో మాత్రం పెట్టకు, నమిలేస్తుంది. చిన్నదాని చెవిపోటు తగ్గిందా? చోటు అయిపోతోంది, బావకి నమస్కారం, దానికి ముద్దు ఈ మూలనే.

అమ్మ పోయి పదకొండేళ్లు. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదక్కా, నీ బీరువా అడుగు అరలో తప్ప.

నీ తమ్ముడు