జీతానికీ కొత్తలేనా

అక్కకు,

నీ తమ్ముడు రాజు రాస్తున్నది. అమ్మకు, బావకు దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ మీరంతా బాగున్నారని తెలిస్తేనే నాకు తిన్నది ఒంటబడుతుంది. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? ఎర్రావు ఈనిందా? ఈనితే జున్ను నాకు లేకుండా తిన్నారని కోపం చేసుకోను, కానీ చెప్పండి.

రోజూ ఫోన్ చేసేవాడు ఉత్తరం రాయడమేందని నవ్వకు. ఫోన్లో నువ్వు "బాగున్నవా" అంటావు, నేను "బాగున్న" అంటాను, అక్కడికి మన ముచ్చట అయిపోతుంది. అసలు సంగతి ఇద్దరికీ నోటికి రాదు. నాతో గదిలో ఉండే శీను సెలవు మీద వేంసూరు పోతున్నాడు. బస్సు ఏన్కూరు మీదుగానే పోతుంది కాబట్టి బస్టాండులో బావ చేతికి ఈ కవరు ఇస్తానన్నాడు. అందుకే కూర్చున్నాను.

మణుగూరు ఎండలు మన అడవి ఎండల లెక్క కాదక్కా. నీడకు ఒక చెట్టు ఉండదు. గనిలో బొగ్గు బండ్లు తిరిగే దారి మీద దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొట్టడమే నా పని. నేనిటు కొట్టి పోతాను, అటు మళ్లీ దుమ్ము లేస్తుంది. హోటల్ పప్పులో పప్పు కోసం దేవులాడుకోవాలి. పొద్దుగూకే వేళ ఎక్కడినుంచో ఇప్పపువ్వు వాసన వస్తుంది చూడు, అప్పుడు మాత్రం ఉండబుద్ధి కాదు. నువ్వు గంప పట్టుకొని చెట్టు కింద వంగి ఏరుతున్నట్టే కనిపిస్తావు.

ఇప్పుడు చెప్పేదానికి భయపడకు. అంతా అయిపోయింది, నేను బాగున్నాను.

చాలా రోజులుగా నా కళ్లు మసకబారినయ్. దూరం మనుషులూ మసకే, ఫోన్లో బొమ్మలూ మసకే. ఫోన్ గాజు పగిలింది కదా, అందుకేలే అనుకున్నాను. మరి రోడ్డు మీది మనుషులకు ఏ గాజు పగిలిందో ఆలోచించలేదు. శీను ఎన్నోసార్లు చెప్పాడు, కళ్లు చూపించుకో అని. ఇంటి మీద రేకులు పడనీ, తర్వాత చూద్దాం అనేవాణ్ణి.

ఒక పొద్దున మలుపు దగ్గర మల్లయ్య తాత ఎర్రజెండా పట్టుకొని నిలబడ్డాడు. ఎదురుగా పెద్ద బండి వస్తుంటే మమ్మల్ని ఆపడం ఆయన పని. నాకు ఆ దుమ్ములో జెండా, తాత, మట్టికుప్ప అన్నీ ఒకటే రంగు. తాత జెండా పారేసి పక్కకు దూకాడు. ఆయన అరుపు వినే బ్రేకు తొక్కాను. దిగి చూస్తే తాత మోచెయ్యి గీసుకుపోయి ఉంది, అంతే, దేవుడి దయ.

"జెండా కనబడలేదంటే సరే తమ్మీ, జెండా పట్టుకున్న నేను గూడ కనబడలేదా ఏంది?" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇక నేను బండి ఎక్కలేదు. ఒంట్లో బాగలేదని చెప్పి గదిలో పడుకున్నాను. జీతం పోతే పోనీ అనుకున్నాను గానీ, కళ్లద్దాలు కొనడానికి మాత్రం చేతులు రాలేదు. నీ తమ్ముడి తెలివి అది. నేనొక్కణ్ణే కాదులే, ఇక్కడి పోరగాళ్లంతా ఇంతే. శీను బూట్లకు అడుగు లేదు, వాళ్లమ్మకు మాత్రం పట్టుచీర కొన్నాడు. అయినా నన్ను తిట్టడానికి ముందుంటాడు. ఆ రోజు మామిడికాయ కోసి ఉప్పుకారం అద్ది పెడితే, మా ఇంట్లో ఇంకా కొత్తల పండుగ కాలేదు, కొత్త కాయ ముందు పోయిన పెద్దలకు పెట్టందే మేము ముట్టమన్నాను.

"మామిడికాయకు కొత్తలంటే సరే. జీతానికి గూడ కొత్తలేనా నీకు? ఇంటికి పెట్టందే నీ కంటికి పెట్టవా? తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటరు, తెల్వదా?" అన్నాడు.

వాడికేం తెలుసు అనుకున్నాను. కానీ నిజంగా నా మనసులో ఉన్నది అదే అక్కా. ముందు ఇల్లు, తర్వాతే నేను అని.

మర్నాడే బావ సంచి పట్టుకొని వచ్చిండు కదా. కొత్తలు అయినయని, మోదుగాకులో కట్టిన మామిడి ముక్కలు నా ముందు పెట్టిండు. కొత్తల రోజు మీరంతా దిగిన ఫోటో కూడా నా ఫోన్లోకి పంపిండు. కొంచెం ఆగి తింటానంటే ఊకోలేదు.

"మీయమ్మ గట్టిగ చెప్పింది. పెద్దలకు పెట్టినం, మేం తిన్నం, వాని విస్తరి అట్లనే ఉన్నది. వాడు తినేదాక కొత్తలు అయినట్టు కాదు, పొయ్యి మీది కుండ దించనన్నది. తిను జల్దీ."

చిన్నప్పుడు అమ్మ అంతే కదక్కా. అందరూ నోట్లో పెట్టుకునేదాకా కదిలేది కాదు. పెద్దలకు పెట్టింది ఇంట్లోవాళ్లు తినకపోతే పెద్దలకు అందదు అనేది. నేను ముందు పెట్టడం ఒక్కటే పట్టుకున్నాను, తర్వాత తినడం మరిచిపోయాను. బావ ముందే ఆ ముక్కలు తింటుంటే ఏడుపొచ్చింది. పులుపని చెప్పాను.

బావ బస్సెక్కగానే శీనును తీసుకొని పోయి అద్దాలు చేయించుకున్నాను. ఎంతయిందో అడగకు. మల్లయ్య తాతకు ముక్కు మీద పుట్టుమచ్చ ఉందని ఇప్పుడు తెలిసింది. మళ్లీ ట్యాంకరు ఎక్కాను. ఆయన జెండా ఎత్తితే చాలు, అంత దూరాన్నే ఆగుతున్నాను.

అద్దాలు పెట్టుకొని నిన్న మన కొత్తల ఫోటో చూశానక్కా. ముందు వరుసలో అమ్మ, బావ. వెనక గుంజ పట్టుకొని నువ్వు. ఎడమ మడమ నేలకు ఆనించలేదు. గుడ్డ కట్టి ఉంది, గుడ్డ మీద మరక ఉంది. ఇన్నాళ్లూ అది నీడ అనుకున్నాను. బావకు ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు, పువ్వు ఏరేటప్పుడు వెదురు మోడు దిగిందని, దవాఖానాకు పోదామంటే పువ్వు కాలం అయిపోనీ, తమ్ముని రేకులు పడనీ అంటున్నావని.

మనిద్దరం ఒక తల్లి పిల్లలమే, సందేహం లేదు.

ఈ నెల పంపిన పైసలు రేకులకు కాదు. నీ కాలికి. పువ్వు రాలితే రాలనీ, జింకలు తింటాయి. రేపే ఖమ్మం పెద్ద దవాఖానాకు పో. రేకులు ఆగుతాయి, పుండు ఆగదు. నా విస్తరి అయ్యింది. నీ విస్తరి అట్లనే ఉంది, అమ్మ కుండ ఎట్లా దించుతుంది?

శీను చేతికి ఇంత ఇప్పపువ్వు, మాగాయ పంపు. అమ్మను నా తల మీద చెయ్యి పెట్టినట్టే దీవించమను. మన వాడలో పెద్దవాళ్లందరికీ దండాలని చెప్పు.

నీ మాటకు ఎదురు చూసే
తమ్ముడు,
రాజు

దవాఖానా నుంచి వచ్చాక ఫోన్ చేసి బాగున్న అనకు. కాలు నేలకు ఆనించి నిలబడి ఫోటో తీసి పంపు. ఇప్పుడు నాకు కనిపిస్తుంది.