కొంగ నాణేనికి మార్కులు తగ్గించవలసిందిగా

నాణెముల పరీక్షాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పరిమిత సంఖ్యలో విడుదలైన ప్లాటినం కొంగ నాణేనికి తాము దయచేసిన డెబ్బై మార్కులను తగ్గించుట, వీలైతే పూర్తిగా రద్దు చేయుట గురించి.

నేను మోటారు వైండింగ్ పని చేసుకునేవాడిని. మా ఇల్లు ఊరికి ఎడంగా, పొలాల మధ్యన ఉంటుంది. ఇంట్లో నేను, మా ఇంటావిడ, ఒక కుక్క. కాలిపోయిన మోటార్ల తీగ విప్పి కొత్తది చుట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. ప్లాటినం నాణేలు పోగు చేయడం ఒక్కటే వ్యసనం. రాగి నల్లబడుతుంది, వెండి మసకబారుతుంది, ఇది మాత్రం పెట్టినప్పుడు ఎలా ఉందో తీసినప్పుడూ అలాగే ఉంటుంది. ఆ గుణం చూసి మోజు పడ్డాను. పక్షి బొమ్మల నాణేల వరుసలో ఏటా ఒకటి చొప్పున కొన్నాను. మిగతా పక్షులకు అరవైల్లో మార్కులు వచ్చాయి, వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఈ ఏటి కొంగకు తమ కార్యాలయం వారు మచ్చ ఒక్కటీ లేదని డెబ్బైకి డెబ్బై వేశారు. అప్పటినుంచి మాకు కంటి మీద కునుకు లేదు. కావున ఈ క్రింది బాధలు మనవి చేసుకుంటున్నాను.

1. ఆ విడుదలలో డెబ్బై వచ్చినది ఇదొక్కటే అయినందున, తమ కార్యాలయం వారు గౌరవార్థం నా పేరును ఇంటి గుర్తులతో సహా హాలులోని బోర్డు మీద పై వరుసలో రాయించారు. ‘పంపుహౌసు దాటాక ఎడమవైపు మొదటి ఇల్లు’ అని కూడా అందులో ఉన్నది. అది నేను పార్సిలు మనిషి కోసం రాసిన గుర్తు. బోర్డు కోసం రాసినది కాదు.

2. బోర్డు పెట్టిన కొద్ది రోజులకే మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చారు. ఒకాయనకు కళ్లద్దాలు. ఆయన మాట్లాడతాడు. రెండో మనిషి మాట్లాడడు, ఇంటి చుట్టూ చూస్తాడు. “అన్నా, కొంగని ఒక్కసారి చూసి పోతాం” అన్నాడు కళ్లద్దాలాయన. ఇంట్లో లేదు, బ్యాంకు లాకరులో పెట్టానని చెప్పాను. “ఏ బ్యాంకన్నా? మీ టౌన్లో లాకర్లు ఖాళీ లేవుగా. మేమూ కనుక్కున్నాంలే” అని నవ్వాడు. ఆయన చెప్పినది నిజమే, నాణెం ఇంట్లోనే ఉన్నది.

3. వారు ఇప్పుడు తరచుగా వస్తున్నారు. తిట్టరు, బెదిరించరు. మా ఇంటావిడను వదినా అని పిలిచి, మంచినీళ్లు అడిగి తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోతారు. పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పుకున్నాను. “నీళ్లు తాగితే ఏం కేసు పెట్టమంటావయ్యా? దొంగతనం జరిగిందా? లేదు కదా. జరిగాక రా” అన్నారు.

4. మా కుక్కను గయ్యాళి అని పిలుస్తాము. పాలవాణ్ణి, పార్సిలు మనిషిని, హెల్మెట్ పెట్టుకుంటే నన్ను కూడా చూసి మొరుగుతుంది. ఆ ఇద్దరిని చూసి మొరగడం మానేసింది. వాళ్ల బండి చప్పుడు వినగానే తోక ఆడించుకుంటూ గేటు దగ్గరకు పోతుంది. మా ముందు దానికి వాళ్లు ఏనాడూ ఏమీ పెట్టలేదు. అంటే మేము లేనప్పుడు కూడా వస్తున్నారు. అయ్యా, ఇది కనిపెట్టిన రోజునుంచి నేను షెడ్డుకు పోవడం లేదు. రైతుల మోటార్లు విప్పినవి విప్పినట్టే పడి ఉన్నాయి.

5. నాణెం అమ్మివేయుటకు సిద్ధపడ్డాను. అమ్మినప్పటికీ బోర్డు మీది పేరు ఏడాది ముగిసేవరకు మార్చబడదని, మార్కులు తగ్గినచో మాత్రమే మార్చెదరని తమ కిటికీ దగ్గర గుమస్తాగారు సెలవిచ్చారు. అయితే తగ్గించండి అన్నాను. “ఏం పెద్దాయనా, పెంచమని కాళ్లు పట్టుకునేవాళ్లని చూశాను గానీ తగ్గించమని వచ్చింది నువ్వొక్కడివే. మచ్చ ఉంటే పట్టుకురా, తగ్గిస్తాం. లేని మచ్చ మేమెక్కడ తెచ్చేది?” అని, పక్క కిటికీ వారిని కూడా పిలిచి నన్ను చూపించారు. హాలులో అందరూ తిరిగి నా మొహం చూశారు. వాళ్లలో ఎవరెవరు ఉన్నారో చూసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

కావున తాము ఆ నాణేన్ని మరొకసారి భూతద్దం కింద చూసినట్లుగా భావించి, కొంగ రెక్క మీద గీత ఒకటి కనబడినట్లుగా రాసి, అరవై గాని అంతకు తక్కువ గాని వేయించి, నా పేరు చెరిపించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. గీత లేదని నాకు తెలుసు. తొడుగులు లేకుండా దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు, తుడవలేదు, దాని మీద ఊపిరి కూడా పడనివ్వలేదు. మా ఇంటావిడ పొద్దు వాలకముందే తలుపుకు అడ్డంగా గడ్డపార పెడుతున్నది. ఆ గడ్డపార మీద మా ఇద్దరికీ నమ్మకం లేదు. రెండు ప్రాణాల సంగతిగా ఎంచి తాము చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తమ బోర్డు మీద పై వరుసలో ఉన్నవాడు
(పేరు మరొక కాగితం మీద రాయడానికి చెయ్యి రావడం లేదు.)

తా.క. పై అర్జీ మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, “మచ్చ ఉంటే తెమ్మన్నారు కదా. మరి కాగితాలు రాస్తావేంటయ్యా? డ్రిల్లింగు మిషను నీ దగ్గరే ఉందిగా” అన్నది. తాము సీలు వేసిన పెట్టెను సుత్తితో పగలగొట్టి, నాణేన్ని బల్లకు బిగించి, కొంగ మెడ దగ్గర బెజ్జం వేశాను. తెల్లటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. వాళ్ల కంట పడాలని దాన్ని గయ్యాళి మెడపట్టీకి కట్టాము.

మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. కుక్క ఎదురెళ్లింది. కళ్లద్దాలాయన గొంతుక్కూర్చుని దాని గడ్డం నిమిరి, నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “బాగానే చేయించావన్నా, నకిలీది. డెబ్బై కొంగకి బెజ్జం పెట్టే పిచ్చోడు ఉంటాడా? అసలుది ఎక్కడ?”

“అదే అసలుది. నీ మీద ఒట్టు తమ్ముడూ” అన్నది మా ఇంటావిడ.

“బోర్డు మీద డెబ్బై అనే ఉంది వదినా. పొద్దున్నే చూసొచ్చాం.”

అప్పుడు రెండో మనిషి మాట్లాడాడు. ఆయన గొంతు మేము వినడం అదే మొదలు. “ఆదివారం వస్తాం” అన్నాడు.

అయ్యా, వాళ్లు మా మాట నమ్మరు, తమ బోర్డును నమ్ముతారు. నాణేన్ని ఇదే కవరులో పెట్టి పంపుతున్నాను. చూడడానికి భూతద్దం అక్కర్లేదు. పైన నా పేరు చెరిపించమని రాసిన ముక్క కొట్టివేసుకోండి. చెరిపిస్తే నేనే చెరిపించి దాచానంటారు. పేరు అలాగే ఉంచి, పక్కన ‘బెజ్జం పడినది, మార్కులు లేవు’ అని పెద్ద అక్షరాలతో రాయించండి. ఆదివారం లోపల రాయించండి.

నాణెం తిరిగి పంపకండి.